ఎంటర్ కొట్టే ముందు చదివించే మేడమ్

మొన్న మంగళవారం పొద్దున బెల్లంకొండ దగ్గర ఒక రైతు పొలంలో కొలతల పరికరం నిలబెట్టి, దాని అద్దంలోంచి చూస్తూ ఉండగా ఫోను మోగింది. మా మేడమ్ వాళ్ళాయన. ఇన్నేళ్ళలో ఆయన నాకు ఫోను చేసింది లేదు. "అబ్బాయ్, మీ మేడమ్ పోయింది. పొద్దున కాఫీ కలుపుతా కలుపుతా కూలబడింది. ఆసుపత్రికి తీసకపోయేలోపే అయిపోయింది" అన్నారు. అవతలి గట్టు మీద కర్ర పట్టుకుని నిలబడ్డ రైతు ఇంకా ఎంతసేపని చెయ్యి ఊపుతున్నాడు. పరికరం మడిచేసి బండెక్కాను.

మేడమ్ ఎవరో మీలో చాలామందికి తెలియదు. నరసరావుపేటలో వాళ్ళాయన బట్టల కొట్టు వెనక, సగం గదిలో ఆవిడ కంప్యూటర్లు బాగుచేసేవారు. అంతకుముందు ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవారు. నేను కంప్యూటర్ నేర్చుకున్నది అక్కడే, ఆవిడ దగ్గరే. ఇన్‌స్టిట్యూట్ మూతబడ్డాక ఆవిడ ఇంట్లో కూర్చోలేదు, వాళ్ళాయన్ని అడిగి కొట్టు వెనక ఒక బల్ల వేయించుకున్నారు. పాడైన సీపీయూ చంకన పెట్టుకుని ఎవరొచ్చినా, ముందు చీరలు బేరమాడుతున్న ఆడవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని వెళ్ళాలి. "చీరలకి తగలనియ్యమాక నాయనా, ఆయన నన్ను తిడతాడు" అనేవారు. ఆయన ఆవిడని తిట్టడం నేనెప్పుడూ వినలేదు.

ఆవిడకి కొన్ని పద్ధతులుండేవి. వాటి మీద నాకు ఒళ్ళు మండేది. ఏ పని చేసినా ముందు పొడుగాటి నోటు పుస్తకంలో రాసుకునేవారు. తెర మీద ఏం కనిపించిందో అది, తాను ఏం కొట్టబోతున్నారో అది. రాశాక టైపు చేసేవారు. టైపు చేశాక ఎంటర్ మీద వేలు ఉంచి, కంప్యూటర్ ఎవరిదో వాళ్ళ వైపు తిరిగి "చదువు" అనేవారు. చదవాల్సిందే. గట్టిగా, అక్షరం అక్షరం. ఇంగ్లీషు రాని వాళ్ళయితే కనీసం అంకెలైనా చదవాలి. అప్పుడు గానీ వేలు దిగేది కాదు. డాక్టర్ వచ్చినా అంతే, స్కూలు హెడ్మాస్టర్ వచ్చినా అంతే. ఒక హెడ్మాస్టరుగారు కంప్యూటర్ దింపేసి "సాయంత్రం వస్తానమ్మా, చేసి ఉంచండి" అని వెళ్ళిపోతే, సాయంత్రం ఆయన వచ్చేదాకా దాని మూత కూడా తియ్యలేదు. ఆయన కోప్పడ్డారు. మేడమ్ కుర్చీ చూపించారు.

క్లాసులో నేను ఆవిడ చేత తిన్న చీవాట్లకి లెక్కలేదు. నాకు తొందర ఎక్కువ. చెప్పేది పూర్తవకముందే నొక్కేసేవాణ్ణి. ఒకసారి అందరి ప్రాక్టీసు ఫైళ్ళూ ఉన్న ఫోల్డరుని, దాని పేరు అర్థం కాక, ఎందుకులే అని తుడిచేశాను. ఆవిడ నన్ను కొట్టలేదు, బయటికి పంపలేదు. "తెలియందానికి చెత్త అని పేరు పెట్టమాక నాయనా" అన్నారు. ఆ మాట నాకు బాగా గుర్తుంది. గుర్తుండటం వేరు, బుర్రకెక్కడం వేరు. అది ఎక్కలేదని మూడేళ్ళ కిందట ఒక శుక్రవారం తేలిపోయింది. ఆ మర్నాడు జరిగింది చెప్పకపోతే మేడమ్ గురించి నేనేం రాసినా రాయనట్టే.

నేను ప్రైవేటు సర్వేయర్ని. ఈపూరు వైపు ఒక ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములు. వాళ్ళ రెండు పొలాలకీ మధ్య హద్దు మీద పదకొండేళ్ళుగా కోర్టులో నడుస్తోంది. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఎదురుపడాల్సి వస్తే మధ్యలో ఇంకో మనిషిని పెట్టుకుని "ఆయనకి చెప్పండి" అని మాట్లాడతారు. పెద్దవాళ్ళు ఎలా ఉన్నా, ఇద్దరి ఇళ్ళలోనూ ఎదిగొచ్చిన కొడుకులున్నారు. అంతకుముందు ఏడాది మిరప కోతల్లో గట్టు మీద మాటామాటా పెరిగి కర్రలు లేచాయి. ఒకరికి తల పగిలింది. ఆ తరువాత పెద్దమనుషులు కూర్చుని ఎలాగో రాజీకి ఒప్పించారు. సర్వేయర్ కొలిచి గీసిన గీతకి ఇద్దరూ కట్టుబడాలి, ఆ మ్యాపు మీద లోక్ అదాలత్‌లో సంతకాలు పెట్టాలి. ఆ సర్వేయర్ని నేనే.

కొలిచాను. గొలుసుతో కొలిచే రోజుల్లో రెండు కొసలూ ఇరుపక్షాల వాళ్ళూ పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు పరికరమే అన్నీ కొలుస్తుంది, కొలతలన్నీ దాని లోపలే ఉంటాయి. ఇంటికొచ్చి వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, నా అలవాటు ప్రకారం పరికరంలోంచి తుడిచేశాను. కొలత అయిన రెండో రోజే అన్నదమ్ములు, మళ్ళీ ఎవరి మనసు మారుతుందోనన్న భయంతో, పాత రాళ్ళు పీకేసి ముళ్ళకంచె తీసేసి గట్టు మీద ట్రాక్టరు తోలారు. అంటే ఆ హద్దు ఇక నేల మీద లేదు. ఉన్నదల్లా నా కంప్యూటర్లో ఉంది.

ఆ కంప్యూటర్లో రెండు విండోసులు. మ్యాపు గీసే నా సాఫ్ట్‌వేర్ పాతకాలపుది, విండోస్ సెవెన్‌లో తప్ప నడవనని మొండికేస్తుంది. దరఖాస్తుల వెబ్‌సైట్లేమో సెవెన్‌లో తెరుచుకోవు, వాటికి విండోస్ టెన్ కావాలి. అందుకని మేడమే రెండింటినీ ఒకే డిస్కులో పక్కపక్కన పెట్టిచ్చారు. స్విచ్చి వేయగానే నల్లటి తెర మీద రెండు పేర్లూ వస్తాయి. ముప్ఫై సెకన్లలోగా ఏది కావాలో ఎంచుకోవాలి. ఆ పేర్లు చూపించి, ఎంచుకున్న దాన్ని లేపే చిన్న ప్రోగ్రామునే బూట్ మేనేజర్ అంటారు. అది డిస్కులో ఎక్కడుంటుందో నేను ఏనాడూ అడగలేదు.

మర్నాడే లోక్ అదాలత్ అనగా, శుక్రవారం సాయంత్రం మ్యాపు ముద్రించబోతే పాత విండోస్‌లో చోటు చాలదని వచ్చింది. అసలు వారం ముందే ముద్రించాల్సింది. ఇరుపక్షాల వకీళ్ళకీ "రెడీ సార్" అని రెండుసార్లు అబద్ధం కూడా చెప్పి ఉన్నాను. డిస్కు ఎలా పంచి ఉందో చూద్దామని తెరిచాను. రెండు పెద్ద ముక్కలు, వాటికి ముందు సన్నటి పేలిక ఒకటి. వంద ఎంబీ. మిగతా వాటికి సీ, డీ అని ఉన్నట్టు దానికి అక్షరం లేదు, అందులో ఏముందో చెప్పే వాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళుగా భూములు కొలుస్తున్న వాడి కళ్ళకి అది ఎవరిదీ కాని పోరంబోకులా కనిపించింది. తీసేసి పక్క ముక్కలో కలిపేస్తే హద్దు తిన్నగా వస్తుందనుకున్నాను. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన ఒక సాఫ్ట్‌వేర్ దించి పని అప్పగించాను. తీసేయడం అయింది. కలపడం కాకముందే కంప్యూటర్ ఆగి, మళ్ళీ మొదలై, నల్లటి తెర మీద బూట్ మేనేజర్ లేదని ఒకే ఒక్క వాక్యం చూపించింది. ఎన్నిసార్లు స్విచ్చి తీసి వేసినా అదే వాక్యం. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

శనివారం కొట్టు తలుపు తీసేసరికి సీపీయూని తువ్వాలులో చుట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నాను. మేడమ్ నా మొహం చూసి ఏమీ అడగకుండా లోపలికి తీసుకెళ్ళారు. బల్ల మీద పెట్టాక అడిగారు.

"ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదు మేడమ్. దానంతట అదే…"

"దానంతట అది పోదు నాయనా. చేతులున్నది నీకు, దానికి కాదు."

చెప్పాను. పోరంబోకు సంగతి కూడా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు.

"అది పోరంబోకు కాదురా. డొంక. నీ రెండు విండోసుల్లోకీ పోయేందుకున్న దారి. పొలాలు రెండూ ఉండే ఉంటయ్. నువ్వు దారి దున్నేశావ్."

డొంక అంటే బళ్ళు పోయే బాట. బాట లేని పొలానికి ఎలా వెళ్ళాలని ఈపూరు రైతుని అడిగితే తెలుస్తుంది. కొంచెం ఊపిరొచ్చింది. "అయితే పదినిమిషాల్లో వేసెయ్యండి మేడమ్. రెండింటికల్లా కోర్టులో ఇవ్వాలి" అన్నాను.

"లోపల కొలతలు ఎవరివి?"

చెప్పాను.

"వాళ్ళని పిలువు."

"వాళ్ళకి తెలిస్తే నన్ను నరుకుతారు మేడమ్."

"తెలియకుండా పోయిందనుకో, నువ్వు బతుకుతావ్, వాళ్ళు నరుక్కుంటారు. కంప్యూటర్ నీది. లోపలున్నది వాళ్ళది. వాళ్ళు లేందే నేను స్క్రూ తియ్యను."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మీ పద్ధతులూ మీరూ అని ఏదో గొణిగి, సీపీయూ మళ్ళీ చంకన పెట్టుకుని, చీరల మధ్య నుంచి రోడ్డు మీదికి వచ్చేశాను. ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే వాళ్ళు ఇంకో నలుగురున్నారు. చెయ్యి చూపిస్తే ఆటో ఆగింది. ఆటోవాడు ఎక్కడికని అడిగితే ఎక్కబోయిన కాలు కిందికి దించాను. ఆ నలుగురిలో ఎవరైనా మూత తీసి గబగబా ఏదో కొట్టేస్తారు, నాలాగే. వాణ్ణి పొమ్మని, అక్కడే గొడుగులమ్మే బండి పక్కన నిలబడి అన్నదమ్ములిద్దరికీ ఫోను చేశాను. పెద్దాయన వినీ వినగానే పెట్టేశారు. తమ్ముడు మాత్రం "యాడున్నావ్?" అని ఒక్క మాట అడిగాడు.

పదకొండున్నరకి వచ్చారు. ఒకరి వెంట ఇద్దరు, ఇంకొకరి వెంట ముగ్గురు. కొట్టులో బేరం చేస్తున్న ఆడవాళ్ళు చీరలు వదిలేసి పక్కకి తప్పుకున్నారు. పెద్దాయన నా దగ్గరికి వచ్చి, గొంతు పెంచకుండా, "నువ్వు అవతలోళ్ళ దగ్గర ఎంత తిన్నావ్?" అని అడిగారు. అదే మాట తమ్ముడు నన్ను గుమ్మంలోనే అడిగి ఉన్నాడు. ఇద్దరికీ ఒకటే అనుమానం. నేను కావాలనే చెడగొట్టానని, అవతలి వాళ్ళు చెడగొట్టించారని.

మేడమ్ గది గుమ్మంలో నిలబడ్డారు. "అన్నదమ్ములిద్దరే లోపలికి రండి. మిగిలినోళ్ళు కూచుని చీరలు చూసుకోండి" అన్నారు. ఆ అయిదుగురు మగవాళ్ళూ పట్టు చీరల మధ్య చాప మీద, ఒకరికొకరు ఎదురుగా, మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళాయన వాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చారు.

లోపల ఆవిడ దాపరికం లేకుండా చెప్పారు. నేను చేసిన తప్పేమిటో చెప్పారు. కొలతలు పాత విండోస్ ఉన్న ముక్కలో ఉన్నాయని, అవి పోలేదనే తన నమ్మకమని, కానీ నమ్మకమే తప్ప ఇంకా చూడలేదని చెప్పారు. "పద్ధతి ప్రకారమైతే ముందు డిస్కు మొత్తం కాపీ తీసి పక్కన పెట్టాలి. నాలుగైదు గంటలు పట్టుద్ది. ఇయ్యాల కోర్టు దాటిపోద్ది. తియ్యకుండా చేస్తే ఇయ్యాలే అయిపోవచ్చు. కానీ నా చెయ్యి తప్పితే కొలతలు పోతయ్. మీ ఇద్దరూ చెప్పండి."

పెద్దాయన గోడకేసి చూస్తూ అన్నారు. "ఇయ్యాల కాకపోతే ఇంక కాదమ్మా. మా ఇంట్లో పిల్లకాయలు నా మాట వినే రోజు ఇదే ఆఖరు."

"ఆయన చెప్పిందే మా ఇంట్లో కూడా. కానియ్యండి" అన్నాడు తమ్ముడు, మేడమ్‌తో.

ఆవిడ పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటర్ని దాని మీద నడిపించారు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. నోటు పుస్తకం తెరిచారు. తమ్ముడు ఇంటర్ దాకా చదివాడు, మాటలు అతను చదవాలి. పెద్దాయనకి ఇంగ్లీషు రాదు, అంకెలు ఆయన చదవాలి. నేను మాట్లాడకూడదు. అది ఆవిడ పెట్టిన షరతు. మొదట ముక్కల జాబితా వచ్చింది. రెండొందల ముప్ఫై జీబీది పాత విండోస్. ఏడొందల జీబీది కొత్తది. వాటి ముందు వంద ఎంబీ ఖాళీ జాగా, నా పోరంబోకు. మళ్ళీ అక్కడ చిన్న ముక్క తయారుచేసి, దాన్ని ఫార్మాట్ చేసి, అందులో బూట్ మేనేజర్ని పెట్టాలి. ఫార్మాట్ అంటే ఆ ముక్కలో ఉన్నదంతా తుడిచేయడమని ఆవిడ ఇద్దరికీ విడమరిచి చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి పెద్దాయన తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

చిన్న ముక్క తయారైంది. ఆవిడ దాని నంబరు రాసుకున్నారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ నాలుగు నిమిషాలు కూసి ఊరుకుంది. చీకటి గదిలో నలుగురం చెమటలు కక్కుకుంటూ కూర్చున్నాం. బయట చాప మీద వాళ్ళు ఏదో అనుకోవడం, గొంతులు లేవడం వినిపించింది. నా ఫోను మోగుతూనే ఉంది, వకీళ్ళు. పన్నెండు యాభైకి కరెంటు వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి. ఈసారి మేడమ్ కూడా కొంచెం వేగం పెంచారు. పుస్తకంలో చూసి నంబరు కొట్టి ఆ ముక్కని ఎంచుకున్నారు. జాబితా మళ్ళీ తెర మీదికి తెచ్చారు. దాని కింద ఫార్మాట్ వాక్యం టైపు చేసి వేలు ఎత్తి పెట్టారు.

"చదువు."

తమ్ముడు చదివాడు. వాక్యం తప్పేమీ లేదు. గడియారంలో ఒంటిగంట దాటింది. నాకు ఓపిక నశించింది. "సరిపోయింది మేడమ్, కొట్టండి, టైమైపోతోంది" అంటూ ఆవిడ భుజం మీదుగా చెయ్యి చాచి నేనే ఎంటర్ కొట్టబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టేసుకున్నారు. గాజులు నా ఎముకకి ఒత్తుకున్నాయి.

"పెద్దాయన ఇంకా చదవలా."

పెద్దాయన తెర దగ్గరికి వంగారు. వేలితో ఒక్కో వరుసా తడుముతూ పోయి, ఒకచోట ఆగారు. "అమ్మా, ఈ చుక్క ఏంది?"

"ఇప్పుడు తుడవబోయే ముక్క పక్కన పడుద్ది ఆ చుక్క."

"ఏ ముక్క పక్కన ఉండాల?"

"వంద పక్కన."

"లేదమ్మా. రెండొందల ముప్ఫై పక్కన ఉంది."

తమ్ముడు లేచి వచ్చి అన్న పక్కన వంగి చూశాడు. "ఆయన చెప్పింది నిజమే మేడమ్" అన్నాడు. మేడమ్ ఎంటర్ మీద నుంచి వేలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నా మణికట్టు మాత్రం ఇంకా వదల్లేదు.

జరిగింది ఇదీ. డిస్కు ముక్కల్ని ఆ కంప్యూటర్ రెండు జాబితాల్లో రెండు రకాలుగా లెక్కపెడుతుంది. ఒక దాంట్లో ఉన్న నంబరు ఇంకో దాంట్లో వేరే ముక్కకి ఉంటుంది. పాత సర్వే నంబరూ రీసర్వే నంబరూ ఒకటి కానట్టే. కరెంటు పోకముందు ఆవిడ రాసుకున్నది ఒక జాబితాలో నంబరు, వచ్చాక కొట్టింది ఇంకో దాంట్లో. ఆ ఒక్క మీట నొక్కి ఉంటే పాత విండోస్, నా సాఫ్ట్‌వేర్, పదకొండేళ్ళ తగువుకి దొరికిన ఒకే ఒక్క గీత, అన్నీ అక్కడికక్కడే తుడిచిపెట్టుకుపోయేవి. నొక్కబోయిన చెయ్యి నాది.

మేడమ్ ఆ మాట దాచలేదు. దాచాలనుకుంటే మాలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. "తప్పు నాది పెద్దాయనా. నంబరు తప్పు కొట్టా. మీరు చూడకపోతే మీ కొలతలు పోయేయి" అన్నారు. అని, పుస్తకంలో ఆ వరుస కొట్టేసి పక్కనే 'నంబరు తప్పు పడింది, పెద్దాయన పట్టుకున్నారు' అని తెలుగులో రాశారు. పెద్దాయన ఏమంటారోనని నేను బిక్కచచ్చి చూస్తున్నాను. ఆయన కండువాతో మెడ తుడుచుకుని, "కానీ అమ్మా. మేం చూస్తన్నాంగా" అన్నారు. ఆ 'మేం' ఎవరెవరో నేను అడగలేదు.

సరైన ముక్కని ఎంచుకున్నారు. చుక్క వంద పక్కన పడిందని ఇద్దరూ వేరువేరుగా చెప్పారు. ఫార్మాట్ అయింది. తరువాత రెండు విండోసులకీ బూట్ మేనేజర్లో చోటివ్వాలి. పాతది ముందు, కొత్తది తరువాత. అటూ ఇటూ అయితే కొత్తది లేవనంటుంది. ఒక్కో వాక్యం, ఒక్కో చదువు. పెన్‌డ్రైవ్ తీసి స్విచ్చి వేశారు. నల్లటి తెర వచ్చింది. అలాగే ఉండిపోయింది. తెర మీద రెండు పేర్లు వచ్చాయి. పక్కన ముప్ఫై, ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది అని అంకె దిగుతోంది.

"ఇప్పుడు నువ్వు నొక్కు. చదివి" అన్నారు మేడమ్ నాతో. చదివాను. విండోస్ సెవెన్ మీద నొక్కాను. పాత తెర లేచింది, సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, అన్నదమ్ముల పొలాలు రెండూ, వాటి మధ్య ఎర్రటి గీత, పెట్టింది పెట్టినట్టే ఉన్నాయి. పెద్దాయన గీతని ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసి తల ఊపారు. నా పాత ఫొటోలు కొన్ని, వాటి పేర్లు నా చేత చదివించి, మేడమ్ కొత్త విండోస్ ముక్కలోకి జరిపితే ముద్రించడానికి చోటు దొరికింది.

రెండింటికి పది నిమిషాల ముందు ముద్రించిన మ్యాపుతో కోర్టులో ఉన్నాం. మూడున్నరకి సంతకాలయ్యాయి. అన్నదమ్ములు చెరో బెంచీ మీద కూర్చుని పెట్టారు.

సాయంత్రం కంప్యూటర్ తెచ్చుకుందామని వెళితే మేడమ్ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నారు. పొద్దుటి కాఫీ స్టీలు గ్లాసులో అలాగే చల్లారిపోయి ఉంది. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదట. దణ్ణం పెట్టబోతే విసుక్కున్నారు. "నాకెందుకు పెడతావ్? నువ్వు నన్ను నమ్మావ్. అందుకే కొట్టెయ్యబోయావ్. వాళ్ళు నమ్మలా. అందుకే బతికాం" అన్నారు. అప్పటిదాకా ఆ చదివించడం ఎదుటివాడికి పాఠం చెప్పడానికనుకున్నాను. తన చెయ్యి కూడా తప్పుతుందని ఆవిడకి ముందే తెలుసు, అందుకని ఎదుటి మనిషి కళ్ళు అరువడిగేది. అంత పని తెలిసిన మనిషి, ఆ మాట అంత తేలిగ్గా ఒప్పుకోవడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. నాకు మటుకు ఆవిడ నేర్పిన చదువు అదొక్కటే అనిపిస్తుంది. ఇప్పుడు నేను కొలత చదివితే రెండు వైపుల వాళ్ళనీ పిలిచి పరికరం అద్దంలో వాళ్ళ చేత అంకె చదివించి గానీ కాగితం మీద రాయను. పని ఆలస్యమవుతుందని తిట్టుకునే వాళ్ళున్నారు. తిట్టుకోనీ.

ఆవిడ పోయారని తెలిసినప్పటి నుంచి నాకు ఆ బల్లా ఆ గదీ అంతగా గుర్తురావడం లేదు. రాజీ అయిన మరుసటి నెల, కొత్త రాళ్ళు పాతిన రోజు పదేపదే కళ్ళముందుకి వస్తోంది. మేడమ్‌ని పిలవాలన్నది పెద్దాయన. రారేమో అనుకున్నాను. వచ్చారు. "ఇన్నేళ్ళు అన్నీ తెర మీదే చూశా. ఆ గీత నేల మీద ఎట్టా ఉంటదో చూడాల" అన్నారు.

మ్యాపు ప్రకారం నేను గుర్తులు పెడుతూ పోతుంటే వెనక సున్నం పోశారు. నల్ల రేగడిలో తెల్లటి గీత. కూలీలు రాళ్ళు దింపుతుంటే ఇటు వాళ్ళు ఇటు, అటు వాళ్ళు అటు నిలబడి చూస్తున్నారు. అప్పటికీ ఒక్కరూ ఒక్కరితో మాట్లాడలేదు. ఎవరైనా ఒక్క మాట తూలితే అంతా మొదటికొస్తుందని నాకు లోపల గుబులుగానే ఉంది. మేడమ్ ఇవేమీ పట్టించుకోకుండా చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, సున్నం గీత వెంబడి నడవడం మొదలుపెట్టారు. పెద్దాయన తన పొలంలోంచి ఆవిడ పక్కనే నడిచారు. తమ్ముడు తన పొలంలోంచి నడిచాడు. నేను వెనక.

చివరి రాయి సాగునీటి కాలవకి అవతల పాతాలి. కాలవ మరీ వెడల్పు కాదు, కానీ గట్టు జారుడుగా ఉంది. మేడమ్ ఆగిపోయారు. తిరిగి వెళ్ళిపోదామనుకున్నట్టున్నారు. ఈలోపు పెద్దాయన ముందు దాటి, అవతల నుంచి చెయ్యి చాచారు. రెండోవైపు నుంచి తమ్ముడూ దాటి చెయ్యి చాచాడు. ఆవిడ ఒక్క క్షణం ఇద్దరినీ చూసి, రెండు చేతులూ ఇచ్చి, కాలవలోకి ఒక కాలు దింపారు. కాలు జారింది.

"ఒరేయ్, వదలమాక. గట్టిగా పట్టుకో" అన్నారు పెద్దాయన.

"పట్టుకున్నాలే అన్నా" అన్నాడు తమ్ముడు.

రెండు పొలాల్లోనూ మనుషులు ఎక్కడి వాళ్ళక్కడ ఆగిపోయారు. మేడమ్‌ని ఇద్దరూ గట్టు మీదికి లాగారు. ఆవిడ మోకాళ్ళదాకా తడిసి, బురదలో నిలబడి ఆయాసపడుతున్నారు. దాటడం అయిపోయింది. అయినా ఇద్దరూ ఆవిడ చేతులు పట్టుకునే ఉన్నారు. ఆవిడా విడిపించుకోలేదు.